అమ్మాయిలకి డ్రాయింగ్ రాదట!

"అమ్మాయిలకి డ్రాయింగ్ రాదు మేడమ్. బట్టీ పట్టే సబ్జెక్టు ఏదివ్వండి, డిస్టింక్షన్ తెచ్చుకుంటారు. ఇదేమో ఊహించుకోవాల్సిన సబ్జెక్టు. ఆ ఊహ వాళ్ళకుండదు."

తొమ్మిదేళ్ళుగా ఈ మాట వింటున్నాను. పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్ చేస్తూ విన్నాను, రిజల్ట్స్ వచ్చిన రోజున స్టాఫ్ రూంలో టీ తాగుతూ విన్నాను, మూడు వేర్వేరు కాలేజీల్లో విన్నాను. అన్నవాళ్ళలో మగవాళ్ళే కాదు, ఎం.టెక్. చదివి అదే సబ్జెక్టు చెబుతున్న ఆడవాళ్ళూ ఉన్నారు. అందరూ దాన్నొక అభిప్రాయంలా కాకుండా రేడియోలో వాతావరణ వార్తలా చెప్పారు. వేసవిలో ఎండలు కాస్తాయి, అమ్మాయిలకి డ్రాయింగ్ రాదు. అంతే.

సాహిత్యంలో పిహెచ్‌డి చేసి, ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫస్టియర్ పిల్లలకి ఇంగ్లీషు చెప్పుకుని బతికేవాళ్ళం రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలామందిమే ఉన్నాం. అక్కడ మమ్మల్ని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు. ఆ లెక్కలేనితనంలో ఒక సౌకర్యం కూడా ఉంది. ఏ క్లాసులో కూర్చుంటానన్నా ఎవరూ కాదనరు. రెండేళ్ళ కిందట ఒక సెమిస్టరంతా డ్రాయింగ్ హాల్లో స్టూలు మీద కూర్చున్నాను. పరిశోధకురాలిగా నోట్సు రాసుకోడానికి కాదు. బోర్డు, మినీ డ్రాఫ్టర్, టూ హెచ్ పెన్సిళ్ళు కొనుక్కుని, ఏ2 షీట్లు గొట్టంలో చుట్టుకుని వెళ్ళి నేర్చుకోడానికి. నా దగ్గర ఇంగ్లీషు చదివే పిల్లలే పక్క స్టూళ్ళ మీద ఉన్నారు. మొదటి వారం నన్ను చూసి నవ్వారు. రెండో వారం నుంచి నా రబ్బరు అడక్కుండానే తీసుకున్నారు.

ఆ విద్య ఏమిటో ముందు కొంచెం చెప్పాలి. మన పత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఆ వైపు వెళ్ళి ఉండరు. ఒక వస్తువుని కాగితం మీదికి తేవడానికి అక్కడ రెండు దారులు నేర్పుతారు. మొదటిది ఆర్థోగ్రాఫిక్. వస్తువుని ఎదురుగా చూస్తే కనిపించేది ఒక బొమ్మ, పైనుంచి చూస్తే ఇంకొకటి, పక్కనుంచి చూస్తే మరొకటి. ఏ బొమ్మలోనూ లోతు ఉండదు. దూరంగా ఉన్నది చిన్నగా కనిపించడం లాంటి కంటి మాయలు ఉండవు. చూపులన్నీ ఒకదానికొకటి సమాంతరంగా వెళ్ళి కాగితానికి నిటారుగా తగులుతాయని అనుకుని గీస్తారు. అందుకని కాగితానికి సమాంతరంగా ఉన్న అంచు ఎంత పొడవుంటే బొమ్మలోనూ అంతే. వెనక దాగిన అంచుల్ని వదిలెయ్యరు, తెగిన చిన్న చిన్న గీతలతో చూపిస్తారు. మన దేశంలో నేర్పే ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో ఎదుటి బొమ్మకి కింద, పైనుంచి చూసిన బొమ్మ వస్తుంది. ఎడమ పక్కనుంచి చూసినదాన్ని కుడి పక్కన గీస్తారు. అమెరికావాళ్ళ థర్డ్ యాంగిల్‌లో ఇదంతా తిరగబడుతుంది.

రెండోది ఐసోమెట్రిక్. పేరు గ్రీకుదైనా విషయం తేలిక, మూడు దిక్కులా ఒకటే కొలత. పెట్టె మూల దగ్గర కలిసే మూడు అంచుల్లో నిలువుదాన్ని నిలువుగానే ఉంచి, మిగతా రెండింటినీ అటూ ఇటూ 30 డిగ్రీల వాలులో గీస్తారు. మూడింటి మధ్యా 120 డిగ్రీల చొప్పున వస్తుంది. పెట్టెకున్న మూడు ముఖాలు ఒకే బొమ్మలో కనిపిస్తాయి. చతురస్రం రాంబస్ అవుతుంది, వృత్తం కోడిగుడ్డులా సాగుతుంది. ఈ పద్ధతి మీద 1822లో వ్యాసం ప్రకటించినవాడు కేంబ్రిడ్జి ప్రొఫెసర్ విలియం ఫారిష్. ఆయన క్లాసులో యంత్రాల నమూనాలు బిగించి చూపించేవాడు. పాఠం అయ్యాక విప్పేసి, మరో పాఠానికి మరో యంత్రంగా బిగించాలి. ఆ బిగించే సహాయకులకి అర్థమయ్యే బొమ్మలు కావాల్సి వచ్చాయి. అంటే ఐసోమెట్రిక్ పుట్టిందే చేతిలో వస్తువులున్న గదిలో! ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

కష్టం ఎక్కడుందంటే, వస్తువుని చూసి బొమ్మలు గీయడంలో కాదు. చదునైన బొమ్మలు చూసి వస్తువుని మనసులో నిలబెట్టడంలో ఉంది. ఎదుటి బొమ్మ చతురస్రం, పైనుంచి చూసిన బొమ్మా చతురస్రమే. వస్తువేమిటి? క్లాసంతా ఒక్క గొంతుతో "క్యూబ్" అంటుంది. అబ్బాయిలూ అంటారు, అమ్మాయిలూ అంటారు. కానీ అది తలుపు కింద పెట్టే చీలలా ఏటవాలుగా కోసిన ముక్క కావచ్చు. స్తంభాన్ని నిలువునా నాలుగు చీలికలు చేసి, అందులో ఒకదాన్ని పడుకోబెట్టింది కావచ్చు. మూడో బొమ్మ చూసేదాకా చెప్పలేం. ఇది తెలిసిన రోజున హాల్లో ఎంత సందడయిందో! నాకు ఈ రాకపోకలు పట్టుబడడానికి ఐదు వారాలు పట్టింది. పక్క స్టూలు అమ్మాయికి మూడు వారాల్లోనే వచ్చేసింది.

ఇక బోధన సంగతి. హాలు చివర అద్దాల బీరువా ఉంది. అందులో టేకు చెక్కతో చేసిన నమూనాలున్నాయి. మెట్ల దిమ్మ, గాడి కోసిన దిమ్మ, శంకువు, పట్టకం, బేరింగు. వాటి మీద వేలితో పేరు రాసేంత దుమ్ము. బీరువాకి తాళం. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చినప్పుడు తీసి తుడుస్తారట. మిగతా రోజుల్లో బోర్డు మీద సారు ఎదుటి బొమ్మ వేస్తారు, దాని కింద పైబొమ్మ వేస్తారు, అరవైమంది పిల్లలు దాన్ని చూసి దించుకుంటారు. ఏ గీత ఎందుకొచ్చిందో అడిగేవాళ్ళు లేరు. వస్తువు ఏ చేతికీ అందదు. ఇంటికెళ్ళాక సీనియర్ల షీటు అద్దం మీద పరిచి, కింద బల్బు వెలిగించి, పైన కొత్త షీటు పెట్టి ఎత్తేస్తారు. దీన్ని మన చదువు అంటున్నాం. వస్తువుని చూపించకుండా, ముట్టుకోనివ్వకుండా, దించుకోవడం మాత్రమే నేర్పి, చివర్లో పరీక్షలో ఎన్నడూ చూడని ప్రశ్న ఇచ్చి, "వీళ్ళకి ఊహ లేదు" అని తీర్పు చెబుతున్నాం.

మరి అబ్బాయిలకి ఎలా వస్తోంది అంటారా? అందరికీ రావడం లేదు, అది మొదటి మాట. ఆ హాల్లో డ్రాయింగ్ తప్పే అబ్బాయిలు బోలెడంతమంది. వాళ్ళు తప్పితే "బద్ధకం, చదవడు" అంటారు. అమ్మాయి తప్పితే "బుర్ర అలాంటిది" అంటారు. ఒకటే సున్నాకి రెండు కారణాలు! వచ్చినవాళ్ళ సంగతికొస్తే, వాళ్ళలో చాలామంది సైకిలు చెయిను విప్పి బిగించినవాళ్ళు, మోటారు షెడ్డు ముందు గంటలు గంటలు నిలబడినవాళ్ళు, కంప్యూటర్లో తుపాకుల ఆటలు ఆడినవాళ్ళు. ఇంట్లో ఫ్యాను విప్పితే స్క్రూడ్రైవర్ అందించమని పిలిచేది కొడుకునే కదా. నా పక్కన కూర్చున్న అమ్మాయి తండ్రి వడ్రంగి. "నాన్న ఉలి తమ్ముడికిస్తాడు మేడమ్, నాకు పొట్టు ఊడ్చే పని" అంది, ఫిర్యాదు లాగా కూడా కాదు, మామూలుగా. తరతరాలుగా చెక్కని మనసులో తిప్పిచూసుకున్న కుటుంబం అది. ఆ విద్య కాలేజీకి రాకముందే కూతురి దగ్గర ఆగిపోయింది.

తేడా అసలు లేదని నేను బుకాయించను. ఉందని కొలిచినవాళ్ళున్నారు. 1971లో షెపర్డ్, మెట్జ్‌లర్ అనే ఇద్దరు మనోవిజ్ఞానవేత్తలు చిన్న ఘనాలు అతికించిన బొమ్మల జంటలు చూపించి, రెండూ ఒకటేనా అని అడిగారు. బొమ్మని ఎంత ఎక్కువ కోణం తిప్పితే జవాబుకి అంత ఎక్కువ సమయం పట్టింది. అంటే మనుషులు మనసులో వస్తువుని నిజంగానే తిప్పుతున్నారన్నమాట. ఈ బొమ్మలతో 1978లో కాగితం మీద పెట్టే పరీక్ష ఒకటి తయారైంది. అందులో మగవాళ్ళ సగటు ఆడవాళ్ళ సగటు కన్నా ఎక్కువని పదే పదే తేలింది. ఇంతవరకే చదివి పుస్తకం మూసేసిన పెద్దలు మన స్టాఫ్ రూముల్లో ఉన్నారు. నిజం చెప్పాలంటే ఇంతవరకు చదివినవాళ్ళు కూడా లేరు. ఎవరో చెప్పగా విన్నారు.

మూసిన పుస్తకంలో తర్వాతి పేజీలున్నాయి. అమెరికాలో మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో షెరిల్ సార్బీ అనే ఇంజనీరింగ్ అధ్యాపకురాలు, బెవర్లీ బార్ట్‌మన్స్ అనే మరో అధ్యాపకురాలు కొత్తగా చేరిన పిల్లలకి ఈ రకం పరీక్ష పెట్టారు. తప్పినవాళ్ళలో అమ్మాయిలు ఎక్కువ. అయితే వాళ్ళు తీర్పు చెప్పి ఊరుకోలేదు, 1993లో ఒక కోర్సు పెట్టారు. దాని సరుకేమిటి? చేతిలో పట్టుకునే చిన్న దిమ్మలు, వాటిని చూస్తూ చుక్కల కాగితం మీద చేత్తో గీసే ఐసోమెట్రిక్ బొమ్మలు, వాటినుంచి ఆర్థోగ్రాఫిక్, మళ్ళీ వెనక్కి. వారానికి కాసేపు, ఒక్క టర్మ్. మార్కులు పెరిగాయి, ఈ కోర్సు చేసిన అమ్మాయిలు ఇంజనీరింగ్ వదలకుండా నిలబడడం ఎక్కువైంది. ఇలాంటి శిక్షణల మీద వచ్చిన 217 అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక పరిశీలన 2013లో వెలువడింది. ఈ నైపుణ్యం నేర్పితే వస్తుంది, వచ్చినది నిలుస్తుంది అని దాని సారాంశం. ఆడవాళ్ళకీ వస్తుంది, మగవాళ్ళకీ వస్తుంది. ఈత లాంటిది. నీళ్ళలో దింపకుండా ఈతరాదని చెప్పేవాణ్ణి ఏమంటాం?

మన దేశంలోనే జరిగిన ఇంకో అధ్యయనం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఈశాన్యంలో ఖాసీలు, కార్బీలు పక్కపక్కనే ఉండే వ్యవసాయ సమాజాలు. ఖాసీలలో ఆస్తి తల్లి నుంచి కూతురికి, అందులోనూ కడగొట్టు కూతురికి పోతుంది. కార్బీలలో తండ్రి నుంచి కొడుక్కి. 2011లో ప్రచురించిన ఆ అధ్యయనంలో హాఫ్‌మన్, నీజీ, లిస్ట్ అనే పరిశోధకులు ఈ రెండు సమాజాల్లో కలిపి దాదాపు 1,300 మందికి నాలుగు ముక్కల పజిల్ ఇచ్చి ఎంతసేపట్లో పేరుస్తారో చూశారు. కార్బీలలో ఆడవాళ్ళకి మగవాళ్ళకన్నా ఎక్కువ సమయం పట్టింది. ఖాసీలలో ఆ తేడా కనబడలేదు! తేడాలో మూడోవంతు దాకా చదువు వల్ల వివరించవచ్చని కూడా వాళ్ళు లెక్కగట్టారు. ఒక్క అధ్యయనంతో లోకం తేలిపోదని నాకు తెలుసు. ఆ పజిల్ కూడా ఇంజనీరింగ్ డ్రాయింగ్ కాదు. కానీ ఇల్లు ఎవరి పేరున ఉందన్నదానికీ, చేతిలో ముక్కలు ఎంత చురుగ్గా కదులుతాయన్నదానికీ సంబంధం ఉండవచ్చని ఎవరైనా మన బయాలజీ పండితులకి చెప్పాలి కదా. ఆంధ్రప్రదేశ్ సవరణ కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది 1985 సెప్టెంబరు నుంచి, దేశమంతా ఇచ్చింది 2005లో. కాగితం మీద ఇచ్చింది. ఎన్ని ఇళ్ళలో ఇచ్చారో మన ఇళ్ళల్లోనే చూసుకోవచ్చు.

ఈ డ్రాయింగ్ విద్యకి మొదటినుంచీ గుమ్మం దగ్గర కాపలా ఉంది. ఆర్థోగ్రాఫిక్ పద్ధతికి శాస్త్రం కట్టిన గాస్పార్ మోంజ్ ఫ్రాన్సులో చిన్న వ్యాపారి కొడుకు. మెజియేర్ సైనిక ఇంజనీరింగ్ బడిలో ఆఫీసర్ కావాలంటే కులీన వంశం కావాలి కాబట్టి, ఆయన్ని నమూనాలు చేసే, నకళ్ళు గీసే పనివాళ్ళ విభాగంలో పెట్టారు. కోట గోడల లెక్క ఒకటి అప్పగిస్తే, రోజులు పట్టే అంకగణితం వదిలేసి జ్యామితితో చటుక్కున తేల్చాడు. ఇంత త్వరగా చేశావంటే తప్పే అయి ఉంటుందని పై అధికారి ముందు చూడ్డానికే ఒప్పుకోలేదట. చూశాక దాన్ని సైనిక రహస్యం చేశారు. విప్లవం వచ్చాక 1795లో గానీ ఆయన దాన్ని బహిరంగంగా బోధించలేకపోయాడు. ఆయన కూడా ఒక చెయ్యి వేసి 1794లో నిలబెట్టిన పారిస్ ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఆడవాళ్ళని చేర్చుకున్నది 1972లో. పనివాడి కొడుక్కి తలుపు తెరిచిన విప్లవం, పనివాడి కూతురికి మరో 178 ఏళ్ళు తెరవలేదు.

అదే 1794లో మద్రాసులో సర్వే స్కూలుగా మొదలై, తర్వాత గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయిన చోట 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా అందుకున్నది మన తెలుగింటి పిల్ల ఎ.లలిత. పదిహేనో ఏట పెళ్ళి, పద్దెనిమిదో ఏట వైధవ్యం, ఒళ్ళో పసిపాప. తండ్రి ఆ కాలేజీలోనే ప్రొఫెసర్ కాబట్టి గుమ్మం తెరుచుకుంది. తండ్రి ప్రొఫెసర్ కాని లలితలు ఎందరో మనకి తెలిసే అవకాశం లేదు. ఆమె తర్వాత కలకత్తాలో విద్యుత్ సంస్థలో ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ లేఅవుట్లు డిజైన్ చేసింది. లేఅవుట్ అంటే ఏమిటనుకుంటున్నారు? డ్రాయింగే. అమ్మాయిలకి రానిదే!

ఇంకో చరిత్ర కూడా ఉంది, అది ఇంత ఉత్సాహంగా చెప్పేది కాదు. "అమ్మాయిల షీట్లు నీట్‌గా ఉంటాయి మేడమ్" అని కూడా అంటారు స్టాఫ్ రూంలో. అది మెచ్చుకోలని చాలామంది అనుకుంటారు. నాకు ఆ మాట మొదటి మాటకన్నా ఎక్కువ ఒళ్ళు మండిస్తుంది. బ్రిటన్‌లో పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఓడలు కట్టే యార్డుల్లో, ఇంజనీరింగ్ కంపెనీల్లో ట్రేసర్లు అనే ఉద్యోగం ఉండేది. మగ డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిలుతో గీసినదాన్ని నారబట్ట మీద సిరాతో ఎత్తడం వాళ్ళ పని. ఆ పనిలో ఆడపిల్లల్ని పెట్టారు. చెయ్యి నిలకడ, ఓపిక, శుభ్రత, తక్కువ జీతం. కాబట్టి ఆడవాళ్ళకి గీత రాదని ఎవరూ ఎప్పుడూ అనలేదు! ఓడ మొత్తాన్ని సిరాతో గీసింది వాళ్ళే. గీత ఎక్కడ పెట్టాలో నిర్ణయించే బల్ల దగ్గరికి మాత్రం రానివ్వలేదు. మన ఐ.టి.ఐ.లలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్ అని రెండేళ్ళ ట్రేడులున్నాయి. అమ్మాయిలు చేరుతున్నారు, పాసవుతున్నారు. సర్టిఫికెట్ మీద మాత్రం వాళ్ళు ఇప్పటికీ మగవాళ్ళే.

"ఇప్పుడంతా కంప్యూటరే గీస్తుంది కదా, ఈ రగడ ఎందుకు?" అనే స్నేహితులున్నారు. నిజమే, సాఫ్ట్‌వేర్‌లో ఘనం తయారుచేస్తే మూడు బొమ్మలూ అదే ఇస్తుంది. 2018 నాటి ఏ.ఐ.సి.టి.ఇ. నమూనా సిలబస్ కూడా చేతి డ్రాయింగ్‌తో పాటు కంప్యూటర్ని పెట్టింది. కానీ ఏ ఘనం తయారుచేయాలో మనసులో లేనివాళ్ళు ఆ కుర్చీలో కూర్చుని ఏం చేస్తారు? నా పాత విద్యార్థిని ఒకామె హైదరాబాదులో, అమెరికా భవనాల ఉక్కు చట్రాలకి డ్రాయింగులు తయారుచేసే ఆఫీసులో ఉంది. పై అంతస్తులో మోడల్ కట్టేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు, కింద అంతస్తులో ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టిన కాగితాలు చూసి కంప్యూటర్లో దిద్దేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు అని చెప్పింది. "నీట్‌గా దిద్దుతామని మమ్మల్నే వేస్తారు మేడమ్" అంది. నారబట్ట పోయి మానిటరొచ్చింది. అంతస్తు మారలేదు.

ఇక మనవాళ్ళ సంగతి. ఈ విషయం ఒక సాహిత్య సభ తర్వాత మాట్లాడుతుంటే ఒక పెద్దావిడ ఎంతో ప్రేమగా, "అయ్యో, మన ఆడవాళ్ళ ముగ్గుల్లో లేని జ్యామితా అమ్మా!" అన్నారు. ఆవిడ మాటలో అబద్ధం లేదు. "పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా సందు చుక్క" పెట్టిన ఏ అమ్మాయైనా, తెలియకుండానే ఐసోమెట్రిక్ చుక్కల కాగితం తయారుచేసిందన్నమాట. వరసల దూరం సరిగ్గా పెడితే చుట్టుపక్కల ఏ మూడు చుక్కలు కలిపినా సమబాహు త్రిభుజం వస్తుంది. సార్బీ క్లాసులో పంచే కాగితం అదే. మా పిల్లలకి ఈ సంగతి చెప్పి, హాలు నేల మీద సుద్దతో సందు చుక్కలు పెట్టించి, మెట్ల దిమ్మ గీయించాను. వాళ్ళ చేతులు ఎంత ధీమాగా కదిలాయో! ఇంతవరకు బాగుంది. కానీ అక్కడితో పొంగిపోయి ఆగిపోవడమే నాకు నచ్చనిది. ముగ్గు నేల మీదే ఉంటుంది, దానికి ఎత్తు లేదు. దాన్ని పొద్దున్నే గుమ్మం ముందు తొక్కుతారు. ముగ్గుని పొగిడే సంస్కృతే ఆ పిల్లకి ఉలి ఇవ్వలేదు, బీరువా తాళం తీయలేదు, డ్రాయింగ్ తప్పితే సివిల్, మెకానికల్ బ్రాంచీలు నీకెందుకమ్మా అంది. "మీకు ముందే అంతా వచ్చు" అనే పొగడ్త, "మీకు ఎప్పటికీ రాదు" అనే తిట్టు చేసే పనే చేస్తుంది. రెండింటి తర్వాతా నేర్పే అవసరం ఉండదు.

సాహిత్యం వాళ్ళతో నాకు ఇంకో పేచీ ఉంది. నేను డ్రాయింగ్ నేర్చుకుంటున్నానని తెలియగానే ముగ్గురు కవయిత్రులు ఒకే మాట అన్నారు. "దాగిన అంచుల్ని తెగిన గీతలతో చూపిస్తారా! ఎంత మంచి ప్రతీక!" అవును, మంచి ప్రతీకే. ఒక్క దృక్కోణం చాలదు, మూడు వైపుల నుంచి చూడాలి... రాసుకుంటూ పోతే సంచికకి సరిపడా వస్తుంది. నేను రాయను. దృక్కోణం, అస్తిత్వం, అంచులు, సరిహద్దులు అని జ్యామితి మాటలన్నీ అప్పు తెచ్చుకుని ముప్పై ఏళ్ళుగా వాడుకుంటున్నాం. ఆ మాటలు పుట్టిన బల్ల దగ్గర మన పిల్లలు తప్పుతుంటే మాత్రం, అది "టెక్నికల్" విషయమని పక్కకి తప్పుకుంటున్నాం. తెగిన గీత అంటే ఆ వైపున రంధ్రం ఉందని అర్థం. అక్కడ డ్రిల్లు పెట్టాలి. ఆ అమ్మాయి ఆ రంధ్రాన్ని చూడగలగాలి. ప్రస్తుతానికి నాకు అంతకన్నా లోతైన అర్థం అక్కర్లేదు.

విమల 'వంటిల్లు' కవిత చదివి పెరిగిన తరం మాది. వంటింటి మీద మనం చేసిన విమర్శ తెలుగులో తక్కువేమీ కాదు. మరి కొత్త ఇల్లు కట్టేటప్పుడు ఏం జరుగుతోందో చూడండి. ప్లాను కాగితం బల్ల మీద విప్పుతారు. ఇంటాయన, బావగారు, మేస్త్రీ, వాస్తు చూసే ఆయన చుట్టూ నిలబడతారు. ఇంటావిడ టీ తెస్తుంది. "ఆగ్నేయంలో వంటిల్లు, బాగుందా?" అని ఆమెనీ అడుగుతారు, అడగరని అనకూడదు. ఆమె చూస్తుంది. అది కిటికీల ఎత్తులో ఇంటిని అడ్డంగా కోసి పైనుంచి చూసిన బొమ్మ అని ఆమెకి ఎవరూ చెప్పలేదు. గోడ మందం ఎక్కడో, తలుపు ఎటు తెరుచుకుంటుందో, గట్టుకీ ఫ్రిజ్జుకీ మధ్య మనిషి తిరిగే చోటు ఎన్ని అడుగులో ఆ గీతల్లోనే ఉంది. కిటికీ పక్కింటి గోడకి రెండడుగుల దూరంలో ఉందన్నదీ ఉంది. ఆమె "బాగుందండీ" అంటుంది. బ్యాంకు లోను కాగితాల మీద సంతకం పెట్టింది ఆమే, కంతు కట్టబోయేదీ ఆమే, ఆ గట్టు ముందు నిలబడేదీ ఆమే. స్లాబు పడ్డాక "ఇంత ఇరుగ్గా ఉందేమిటి" అంటే "అప్పుడే చెప్పాల్సింది" అంటారు. ప్లాను చదవడం కవిత్వం చదవడం కన్నా తేలిక. వారం రోజుల పని. మన సమావేశాల్లో ఒక్కదానిలోనైనా ఒక పూట దీనికి ఇవ్వలేమా?

నేను చూసినంతలో పని ఇంత చిన్నది. దిమ్మలు చేతికివ్వాలి. ముందు డ్రాఫ్టర్, స్కేలు లేకుండా చుక్కల కాగితం మీద చేత్తో గీయనివ్వాలి. బొమ్మనుంచి వస్తువు, వస్తువునుంచి బొమ్మ, రెండు వైపులా నడిపించాలి. నీట్‌నెస్‌కి మార్కులు తీసేసి, రెండు బొమ్మలు చూసి మూడోది చెప్పినందుకు ఇవ్వాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి ప్రొజెక్షన్ అన్న మాట దగ్గరే గొంతు పట్టేస్తోంది, వాళ్ళకి ముందు తెలుగులో చెప్పాలి. ఎండలో గోడ మీద పడే నీడ చూపించి మొదలుపెడితే అరగంటలో అందుతుంది. (ఎండలో నీడ ఏటవాలుగా పడుతుందని, ఇది సరైన పోలిక కాదని డ్రాయింగ్ సారు నాతో వాదించారు. మిట్టమధ్యాహ్నం నడినెత్తిన సూర్యుడున్నప్పుడు చూపిస్తానని చెప్పాను.) వీటిలో దేనికీ ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు.

తాళంచెవి అడుగుతూ రెండుసార్లు ఉత్తరం రాశాను. నమూనాలు విరిగితే ఎవరు బాధ్యులని మొదటిసారి జవాబొచ్చింది, రెండోసారి రాలేదు. అందుకని శనివారం మధ్యాహ్నాలు ఖాళీ క్లాసురూంలో బట్టల సబ్బు బిళ్ళలతో కానిస్తున్నాం. చాకుతో కోసి మెట్ల దిమ్మ, గాడి దిమ్మ, ఏటవాలు దిమ్మ చేసి, చేతిలో తిప్పుకుంటూ మూడు వైపులా గీస్తారు. పదకొండుమంది అమ్మాయిలతో మొదలైంది, ఇప్పుడు పంతొమ్మిదిమంది. అందులో నలుగురు అబ్బాయిలు, డ్రాయింగ్ తప్పినవాళ్ళు. వడ్రంగి కూతురు మిగతావాళ్ళకి చాకు ఎలా పట్టాలో చూపిస్తోంది. కోసిన సబ్బు పొట్టు ఊడవడానికి వంతులు వేసుకున్నారు, ఆ వంతుల్లో అబ్బాయిల పేర్లు ముందున్నాయి. వచ్చే శనివారం వృత్తాలు మొదలుపెట్టాలి. గుండ్రటి సబ్బు ఏ బ్రాండులో దొరుకుతుందో వెతుకుతున్నాం.